టేపు అవతల

మామండూరు దాటినాక ఎడమపక్క వాగులో
ఇసక తెల్లగా ఎండిపోయిన మాఘమాసం చివర
వెయ్యి కాయలకు నీలం చుక్క పెట్టినాం.
షాహీన్ మేడమ్ పెడతా ఉంటే నేను లెక్క,
నేను పెడతా ఉంటే ఆమె.
ఎర్రచందనం కాయ చూసినారా మీరు?
అప్పడం మాదిరి గుండ్రంగా, పలచగా,
నడిమధ్యన ఒక గింజ,
చుట్టూ గాలికోసం మిగిల్చిన అంచు.

పెంచలయ్య చెట్టెక్కి సంచి విప్పినాడు.
గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు,
తలగుడ్డ జారిపోయేంత.
కాయలు గిరగిరా తిరిగి తిరిగి
తల్లి కాళ్ళ దగ్గరే పడినాయి.
నాకు నవ్వొచ్చింది.
ఇంత రెక్క కట్టుకొని ఇంతేనా పోయేది?

మూడు దినాలు మోకాళ్ళ మీద పాకినాం.
ముప్పై మీటర్ల టేపు పరిచి
దొరికిన కాయను దొరికిన చోటే వదిలి
పక్కన చిన్న జెండా గుచ్చి:
రెండు మీటర్లు, మూడు, మూడున్నర, మళ్ళీ రెండు.
మధ్యాన్నం రాగిసంగటి, ఊరిబిండి,
పల్లేరుముళ్ళు దిగిన వేళ్ళతోనే.
తొమ్మిదొందల ఎనభై మూడు దొరికినాయి.
పదిహేడు దొరకలేదు.

మేడమ్ పుస్తకంలో పదిహేడుకు గడి లేదు.
పేజీ అంచున పెన్సిల్‌తో రాసింది.
సగటు నాలుగు మీటర్లు అని పెద్దగా రాసి
కింద గీత గీసి, ఆ గీతనే చూస్తా కూచుంది.
"మనం కొలిచింది చెట్టును కాదు చెంగమ్మక్కా,
మన టేపును" అనింది.

ఆ రాత్రి కరకంబాడి ఇంట్లో చీర మార్చుకుంటే
కుచ్చిళ్ళ మడతలో ఒక కాయ. నీలం చుక్క.
ఆటో, బస్సు, రైలుగేటు, సంత
అన్నీ దాటి
నా నడుమెక్కి వచ్చేసింది.
ఫోన్ చేస్తే మేడమ్ చాలాసేపు మాట్లాడలేదు.
"దీన్ని లెక్కలో వెయ్యొచ్చునా?"
"వెయ్యకపోవడానికి నేనెవర్ని?" అనింది.
పెరట్లో పగిలిన కుండలో పెట్టినాను.
మొలవలేదు. పుచ్చు గింజేమో.
కోడి గీకిందేమో. చెప్పలేను.

మరుసటేడు చైత్రంలో నిప్పు.
ఎవరో బీడీ పారేసినారంటారు,
కావాలనే అంటించినారని ఇంకొకరంటారు.
రెండు మీటర్లు, మూడు, మూడున్నర, మళ్ళీ రెండు
జెండాల పక్కన లేచిన మొలకలన్నీ
ఒక్క సాయంత్రానికి బూడిద.
తల్లి మాత్రం తట్టుకునింది.
ఆషాఢం వానల్లో రంపంతో వచ్చినారు.
మొద్దు మీద ఎరుపు రెండు నెలలు ఆరలేదు.
పెంచలయ్య ఆ దారిన పోవడమే మానేసినాడు.

ఇప్పుడా చెట్టుకు లోకంలో మిగిలింది
పుస్తకం అంచున పెన్సిల్ అంకె.
పదిహేడులో నాది పోగా పదహారు.

పదహారూ బతికుండవని మేడమ్ ముందే చెప్పింది.
బండ మీద పడింది బండ మీదే ఎండుతుంది,
దుప్పి నమిలేది ఒకటి, వాగు ఎత్తుకుపోయేది ఒకటి.
"ఒక్కటి చాలక్కా" అని అనదు ఆమె.
"ఒక్కటి దిగితే" అంటుంది.
దిగితే.
ఆ మాట నా చెవిలో ముల్లులాగా ఉండిపోయింది.

నిన్న బస్సులో పోతా కిటికీలోంచి చూసినాను.
ఈ కొండకూ ఆ కొండకూ నడుమ
పసుపు రంగేసిన లేఅవుట్ రాళ్ళు,
అడవి అంచున ప్రశాంత జీవనం అని బోర్డు,
నాలుగు వరసల రోడ్డు, కంకరమిల్లు దుమ్ము.
గాలి మాత్రం ఎవర్నీ అడక్కుండా దాటతా ఉంది.
దాని చేతిలో ఏముందో కనబడదు.

మా వీధి చివరి ప్లాటు ఇంకా అమ్ముడుపోలేదు.
ముళ్ళకంప, సగం గోడ, నిలిచిన వాననీళ్ళు.
పొద్దున పంచాయతీ వాళ్ళు పారలతో వస్తే
"ఆ మూల వదిలెయ్యండి నాయనా" అన్నాను.
"ఏముందక్కడ?"
ఏముందని చెప్పేది?
"ఏం లేదు" అన్నాను, "అందుకే."